డుగ్గు డుగ్గున సాగే అప్పగింతల పాట

తాండూరులో పెళ్లి బరాత్ రాత్రి పది దాటితే గానీ ఊపందుకోదు. ముందు డీసీఎం వ్యానులో పేర్చిన డీజే బాక్సులు, వెనక పూలు కట్టిన కారు, మధ్యలో చుట్టాలు. మొదటి అరగంట మగపిల్లలదే. తీన్మార్ మీద చొక్కాలు తడిసేదాకా ఎగురుతారు. ఆడవాళ్లు గల్లీకి రెండు పక్కలా అరుగుల మీద, గడపల దగ్గర నిలబడి చూస్తుంటారు. ఆ తర్వాత డీజే పిల్లగాడు ఒక పాట వేస్తాడు. మొదటి మాట బాక్సులోంచి బయటపడగానే అరుగులు ఖాళీ అవుతాయి. వదినె చేయి పట్టి మరదలు లాగుతుంది, చిన్నమ్మ కొంగు నడుముకు దోపుకుంటుంది, పదో తరగతి పిల్ల నుంచి అరవై దాటిన మేనత్త దాకా రోడ్డు మీదికి వస్తారు. మగపిల్లలు తమంతట తామే పక్కకు తప్పుకుంటారు. వికారాబాద్‌లోనూ ఇదే వరుస, పరిగిలోనూ ఇదే. ఆ పాట పేరు ‘బుల్లెట్టు బండి’.

2021లో వచ్చిన ఈ పాటను అందరూ డాన్సు పాటగానే లెక్కేశారు. అది నిజమే, కాళ్లు ఆగనివ్వని పాట. కానీ ఈ పాట పనితనం అంతా ఇంకోచోట ఉందని నా నమ్మకం. పల్లవి దాటి చరణాల్లోకి దిగి వినండి. అక్కడున్నది మన ఇళ్లల్లో తరతరాలుగా కన్నీళ్లతో పాడుకున్న అప్పగింతల పాట. అమ్మ చాటున పెరిగిన పిల్ల, నాన్న గుండెల మీద ఆడుకున్న పిల్ల, అన్నదమ్ముల ప్రాణమైన పిల్ల పుట్టిల్లు విడిచి పోతోంది. అప్పగింతల పాటలో ఉండే సరుకంతా ఇందులో ఉంది. మారింది ఒక్కటే, పాడే మనిషి. అప్పగింతల్లో పాడేది తల్లి, మేనత్త, ఊరి ఆడవాళ్లు. పెళ్లికూతురు తలవంచుకుని వింటుంది. ఇక్కడ పెళ్లికూతురే నోరు విప్పింది. ఆమె ఏడవలేదు. వరుడి కళ్లల్లోకి చూస్తూ, నేను ఎవరి బిడ్డనో తెలుసుకుని తీసుకెళ్లు అని చెప్పింది. ఆ ఒక్క మార్పుతో శోకం పోయి నడకలోకి ఊపు వచ్చింది.

ఈ పాట రాసినవారు లక్ష్మణ్. సంగీతం ఎస్.కె. బాజి. పాడింది మోహన భోగరాజు, వీడియోలో పెళ్లికూతురుగా కనిపించింది కూడా ఆమే. బ్లూ రాబిట్ ఎంటర్‌టైన్‌మెంట్ నిర్మాణం. ఇది సినిమా పాట కాదు. వెనక హీరో లేడు, విడుదల తేదీ చుట్టూ హడావిడి లేదు. 2021 ఏప్రిల్‌లో యూట్యూబ్‌లోకి వచ్చింది. ఆ నెలలు గుర్తు చేసుకోండి. కరోనా రెండో అల మీద పడింది. మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్, జూన్ 19 దాకా సాగింది. పెళ్లి పాట పుట్టిన వేళకు పెళ్లిళ్లే లేవు. ఉన్నా పది మందితో, మాస్కులతో, బరాత్ లేకుండా జరిగాయి. పాటను ఇష్టంగా విన్నవాళ్లు విన్నారు, చూసినవాళ్లు చూశారు. దానికి దక్కాల్సిన చోటు మాత్రం రోడ్డు, ఆ రోడ్డు మూసి ఉంది.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. ఆ ఏడాది శ్రావణ మాసం ఆగస్టు 9న మొదలైంది. నెలల తరబడి ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారి కదిలాయి. ఆ మొదటి ముహూర్తాల్లోనే, మంచిర్యాల జిల్లాలోని బొగ్గుగనుల ఊరు రామకృష్ణాపూర్‌లో, ఒక కొత్త పెళ్లికూతురు బరాత్‌లో భర్త ఎదుట ఈ పాటకు ఆడింది. మెడలో పూలదండ, ఒంటిమీద పట్టుచీర, ముఖంలో దాచుకోలేని సంబరం. ఎవరో ఫోనులో తీశారు. రెండు రోజుల్లో ఆ వీడియో తెలుగువాళ్లున్న ప్రతి ఫోనులోకీ చేరింది. టీవీ చానళ్లు మళ్లీ మళ్లీ చూపించాయి. పాటను చూసినవాళ్ల లెక్క కోట్లలోకి వెళ్లింది. ఆ తర్వాత పెళ్లి ఏ ఊళ్లో జరిగినా పెళ్లికూతురు ఆడాల్సిందే అన్నట్టు అయింది.

ఇదంతా అదృష్టం అన్నవాళ్లున్నారు. ఒక వీడియో పేలింది, పాట దాని వెంట పరుగెత్తింది అని వాళ్ల మాట. నాకు ఆ మాట సరిపోదు. ఆ శ్రావణంలో బరాత్‌లలో ఎన్నో పాటలు మోగి ఉంటాయి, ఎంతోమంది ఆడి ఉంటారు. ఒక పెళ్లికూతురు తన పెళ్లి రాత్రి, అత్తింటివాళ్లందరూ చూస్తుండగా, తన మాటగా అభినయించడానికి వీలైన పాట ఎన్నుకోవాలంటే ఏముంది ఆమె దగ్గర? సినిమా ఐటెం పాటకు ఆడితే చూసేవాళ్లు నొసలు ముడుస్తారు. జంటపాటకు ఆడాలంటే అవతల మగగొంతు కూడా కావాలి. భక్తిపాటకు బరాత్ చోటు కాదు. ఆ ఖాళీలోకి అచ్చంగా సరిపడేలా చేసిన పాట ఇది. పెళ్లికూతురు ‘నేను’ అని మొదలుపెట్టి చివరిదాకా తనే పాడే పాట. అందులో ఒక్క మాట కూడా తల్లిదండ్రుల ఎదుట సిగ్గుపడాల్సింది లేదు. అదృష్టం వచ్చి తలుపు తట్టేనాటికి పాట సిద్ధంగా ఉంది.

ఇక పాట లోపలికి వెళ్దాం. మొదలు అలంకారంతో. పట్టుచీర, బొట్టు, నడుముకు వడ్డాణం, దిష్టి చుక్క, ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతుంది. పెళ్లికూతురు అలంకారం మన పాటలకు కొత్త కాదు. సీతమ్మకు, రుక్మిణికి చేసిన సింగారాలతో ఎన్నో పెళ్లిపాటలున్నాయి. వాటిలో అలంకరించేది ముత్తయిదువలు. పిల్ల పీట మీద కూర్చుని ఉంటుంది, ఆమె ఒంటి మీదికి నగలు వచ్చి చేరతాయి. లక్ష్మణ్ ఇక్కడ క్రియను తిప్పాడు. ప్రతి వాక్యం ‘కున్నా’తో ముగుస్తుంది. చీర కట్టుకున్నా, బొట్టు పెట్టుకున్నా. చేసినదీ ఆమే, చేయించుకున్నదీ ఆమే. తెలుగు వ్యాకరణం చేతిలో పెట్టిన ఈ చిన్న ‘కొను’ ధాతువు పాటంతటికీ తలుపు తెరిచింది. ఎవరో ముస్తాబు చేసి అప్పగిస్తున్న పిల్ల కాదు, తనంతట తాను తయారై గడపలో నిలబడిన పిల్ల. ఈ మాటలు విన్నంతసేపూ ఇంత ఆలోచన ఎవరికీ తట్టదు, తట్టక్కర్లేదు కూడా. ఆడే పిల్ల చేతులు మాత్రం దాన్ని పట్టుకుంటాయి. బొట్టు దగ్గర వేలు నుదుటికి పోతుంది, వడ్డాణం దగ్గర రెండు చేతులు నడుము చుట్టూ తిరుగుతాయి. డాన్సు మాస్టర్ నేర్పాల్సిన పని లేదు. సాహిత్యమే చేతులకు దారి చూపిస్తుంది. రాత్రికి రాత్రి వేలమంది ఈ పాటకు ఆడగలగడానికి ఇదొక పెద్ద కారణం.

ఆ అలంకారం వాక్యాలను రెట్టించే తీరు చూడండి. ఒకసారి అన్న క్రియనే అర్థం లేని ఒక తోక తగిలించి మళ్లీ అంటుంది. బతుకమ్మ పాటల్లో ‘ఉయ్యాలో’ చేసే పని అది. ముందు ఒకరు చెప్తారు, గుంపు అందుకుంటుంది. ఒంటరి గొంతు పాట అయినా లోపల గుంపుకు చోటు కట్టిపెట్టారు. బరాత్‌లో ఆ రెట్టింపు మాట రాగానే చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో అందుకుంటారు. బతుకమ్మ చుట్టూ తిరిగిన కాళ్లకు ఎక్కడ చప్పట్లు పడాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాత వస్తుంది ఆ చప్పుడు. డుగ్గు డుగ్గు డుగ్గు.

దీని దగ్గర కాసేపు ఆగాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ పేరు 1932లో ఇంగ్లండులో పుట్టింది. 1950ల్లో మన సైన్యం కోసం కొన్నారు, 1955 తర్వాత మద్రాసులో తయారీ మొదలైంది. పాత 350 బుల్లెట్‌కు ఒకటే సిలిండర్. దాని వెడల్పు 70 మిల్లీమీటర్లు, లోపల పిస్టన్ ఎక్కి దిగే దూరం 90 మిల్లీమీటర్లు. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ కాబట్టి పిస్టన్ తీరిగ్గా కదులుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను గనక క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది. అందుకే బండి నిలబెట్టి ఉంచినప్పుడు ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. మిగతా బండ్లు రొద పెడతాయి, ఇది దరువు వేస్తుంది. ఊళ్లో పటేల్ బండి, ఎస్సై బండి, మిలిటరీ నుంచి సెలవు మీద వచ్చినాయన బండి ఏదో సందు తిరగకముందే చెప్పగలిగేవాళ్లం.

అసలు విశేషం ఇదీ. ఇంజను కొట్టే దెబ్బలన్నీ సమానం. దానికి పొడుగూ పొట్టీ తెలియవు. మన నాలుక ఆ దెబ్బను ‘డుగ్గు’ అని పలికినప్పుడు దానికి పొడుగూ పొట్టీ వచ్చాయి. ‘డు’ తర్వాత ద్విత్వం ఉంది కనుక అది గురువు. ‘గ్గు’ లఘువు. గురువు రెండు మాత్రలు, లఘువు ఒకటి, కలిపి మూడు. ఛందస్సు చదివినవాళ్లు దీన్ని హగణం అంటారు, సూర్యగణాల్లో ఒకటి. ఆటవెలది పద్యం ఎత్తుకోవడమే మూడు సూర్యగణాలతో. వేమన చేతిలో ఊరూరా తిరిగిన ఛందస్సు అది. మూడు మాత్రల ఈ నడకలో ఒక కుంటుడు అందం ఉంటుంది. మొదటి అడుగు బరువుగా పడి, రెండోది తేలిగ్గా లేస్తుంది. నడిచే కాలు కాస్తా చిందేసే కాలవుతుంది. మద్రాసు యంత్రం చప్పుడును తెలుగు గణంగా మార్చి పల్లవిలో కూర్చోబెట్టడం మామూలు పని కాదు. అనుకరణ కోసం వెతికితే ‘ధడధడ’ ఉంది, ‘బుడబుడ’ ఉంది. అవన్నీ లఘువుల వరుసలు, పరుగెత్తుతాయి. ‘డుగ్గు’ పరుగెత్తదు, ఊగుతుంది. బండి మీద వెనక కూర్చున్న మనిషి ఒళ్లు ఊగినట్టే ఊగుతుంది.

అదే ఏడాది నవంబరులో ఇంకో పాట వచ్చింది. చంద్రబోస్ రాసి, కీరవాణి స్వరపరచి, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడిన ‘నాటు నాటు’. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ అందుకుంది. ‘నాటు’ను లెక్క కట్టండి. ‘నా’ గురువు, ‘టు’ లఘువు. మళ్లీ అదే హగణం, అదే మూడు మాత్రలు. ఒకటి మంచిర్యాల గల్లీల్లోంచి, ఇంకొకటి లాస్ ఏంజెలిస్ వేదిక మీంచి ఊరేగిన పాటలు. ఒకటి ఏ హంగూ లేని చిన్న వీడియో, ఇంకొకటి ఉక్రెయిన్ అధ్యక్ష భవనం ముందు చిత్రించిన భారీ నృత్యం. రెండింటినీ మోసింది గురువు పక్కన లఘువు ఉన్న రెండక్షరాల మాటే. ఎవరు ఎవర్ని చూసి రాశారన్న ప్రశ్న రాదు, ఇద్దరూ తోడుకున్న బావి ఒకటే. డప్పు మీద, కోలాటం కర్రల మీద, బతుకమ్మ చప్పట్ల మీద ఈ నడక మన కాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు.

‘బుల్లెట్టు బండి’లో మోటారు చప్పుడు తర్వాత రైలు చప్పుడు కూడా వస్తుంది, అదీ గురువు లఘువుల జంటే. వికారాబాద్ వాళ్లకు అది వినగానే ముఖం విప్పారుతుంది. సికింద్రాబాదు నుంచి వాడి పోయే నిజాం కాలపు రైలుమార్గం 1874లో పూర్తయింది. వికారాబాద్, తాండూరు ఆ దారిలోని ఊళ్లే. వికారాబాద్ జంక్షన్ దగ్గరే పర్లి దారి చీలుతుంది. మా దిక్కు ఆడపిల్లలు ఎంతమంది ఆ రైల్లో అత్తగారిళ్లకు పోయారో! పాటలోని పిల్ల మాత్రం బండెక్కి వచ్చి లోకం చూపిస్తానంటుంది. బండికీ లోకానికీ మధ్య రెండు చప్పుళ్లు తప్ప వర్ణన లేదు, ఆ తొందర నాకు ఎంతో నచ్చుతుంది.

ఇప్పుడు చరణాలు. చెరువు కట్ట వెంట పూలతోట, బంతులు, చేమంతులు, వాటితో దండ అల్లుకుని ఎదురు రావడం. చెరువు కట్ట మాట రాగానే తెలంగాణ పల్లె కళ్ల ముందు నిలుస్తుంది, వేరే వర్ణన అక్కర్లేదు. ఆ తర్వాత ఆమె తన గురించి చెప్పుకుంటుంది. మంచీ మర్యాదా తెలిసినదాన్ని, మట్టి మనుషుల మధ్య పెరిగినదాన్ని అన్న ధోరణిలో సాగుతుంది ఆ చరణం. అందం గురించి ఒక్క ముక్క లేదు. అలంకారం అంతా మొదట్లోనే ముగించేసింది, ఇప్పుడు చెప్తున్నది పెంపకం. ఆ తర్వాత తల్లి, తండ్రి, అన్నదమ్ములు వరుసగా వస్తారు. ఇక్కడే అప్పగింతల పాట పూర్తిగా బయటపడుతుంది.

తాండూరు పాతబస్తీలో ఒక బరాత్‌లో నేను చూసినది చెప్తాను. పాట ఈ చోటికి వచ్చేసరికి మధ్యలో ఆడుతున్న పిల్లలు అదే ఊపులో ఉన్నారు. పెళ్లికూతురు తల్లి షామియానా గుంజ పట్టుకుని గుంపు చివర నిలబడి ఉంది. ఆమె ఆడడం లేదు. పెదవులు మాత్రం పాటతోపాటు కదులుతున్నాయి. తండ్రి మాట వచ్చిన చోట కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మరుక్షణం పల్లవి తిరిగి వచ్చింది, ఎవరో చేయి పట్టి లాగారు, ఆమె తడి కళ్లతోనే రెండు అడుగులు వేసి నవ్వింది. ఆ ఏడుపుకూ నవ్వుకూ మధ్య పాట ఎక్కడా తెగలేదు, దరువు మారలేదు. బాజి స్వరకల్పనలో నేను గొప్ప అనుకునేది అదే. చరణంలో దుఃఖం మాట వచ్చిందని వేగం తగ్గించి, వీణలూ సన్నాయిలూ తెచ్చి, ఇక ఏడవండి అని సైగ చేయలేదు. అదే నడకలో పోనిచ్చారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, ఆడేవాళ్లు ఆడతారు, ఇద్దరికీ ఒకే పాట చాలు.

ఇతర దేశాల్లోనూ ఈ విద్య తెలిసినవాళ్లున్నారు. బెల్జియం గాయకుడు స్ట్రోమే 2009లో చేసిన ‘అలోర్ ఆన్ డాన్స్’ మరుసటి ఏడాది ఐరోపా అంతటా క్లబ్బుల్లో మోగింది. దాని మాటలన్నీ ఉద్యోగం, అప్పులు, విడాకులు. అక్కడ బాధను మరిచిపోవడానికి ఆడతారు. మన పాటలో బాధను వెంట తీసుకుని ఆడతారు, మరిచిపోవాల్సిన పని లేదు. అత్తింటికి పోయే పిల్ల పుట్టింటిని మరిచిపోతే అది ఎవరికీ పండగ కాదు.

గొంతు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. మోహన భోగరాజు పేరు 2015లో ‘బాహుబలి’ మొదటి భాగంలోని ‘మనోహరి’తో ఇంటింటికీ తెలిసింది. రేవంత్‌తో కలిసి పాడిన ఆ పాటలో ఆమె గొంతు గాజుగ్లాసు అంచులా మెరుస్తుంది. 2018లో ‘అరవింద సమేత’ కోసం పెంచల్ దాస్ రాసిన ‘రెడ్డమ్మ తల్లి’ పాడింది. రాయలసీమ యాసలో, భర్త పోయిన ఆడమనిషి చుట్టూ ఊరు పెట్టే శోకం అది. ఆ పాట విన్నవాళ్లకు ఈ గొంతులో ఎంత మట్టి ఉందో తెలుసు. ఒకటి పూర్తిగా ఆట, ఒకటి పూర్తిగా ఏడుపు. ‘బుల్లెట్టు బండి’కి ఈ రెండూ కావాలి, అవీ ఒకే ఊపిరిలో కావాలి. ఆమె ఎక్కడా గొంతును బలవంతంగా తీపి చేయలేదు. పదం చివర అక్షరాన్ని విసిరేసినట్టు వదులుతుంది, నాట్లు వేసేటప్పుడు పొలంలో పాడే ఆడవాళ్ల తీరు. పుట్టింటి చరణంలో మాత్రం ఆ విసురు తగ్గుతుంది, అక్షరాన్ని కాస్త పట్టుకుని వదులుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఆ తేడా స్పష్టం. డీజే బాక్సుల హోరులో అది చెవికి అందకపోవచ్చు, అయినా పని చేస్తుంది. గుంజ పట్టుకున్న ఆ తల్లికి అందింది కదా.

యాస కూడా అలాగే ఆలోచించి వాడినదే. పాటలో ‘స్త’ ఉండాల్సిన చోట ‘త్త’ వినిపిస్తుంది. అది కరీంనగర్, మంచిర్యాల దిక్కు నాలుక. మా తాండూరు మాట వేరు. 1956 దాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది, రాష్ట్రాల పునర్విభజనలో ఇటు వచ్చింది. ఇప్పటికీ ఇక్కడి సగం ఇళ్లకు సేడం, చిత్తాపూర్‌లలో వియ్యంకులున్నారు. బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి, చుట్టుపక్కల తండాల్లో లంబాడీ. మాఘంలో, కంది పంట డబ్బు చేతికొచ్చాక, ఇక్కడ జరిగే పెళ్లికి ఈ నాలుగు భాషలవాళ్లూ వస్తారు. గోదావరి ఒడ్డు యాసలోని ఆ పాటను వాళ్లంతా పాడతారు. కన్నడ వియ్యపురాలికి చరణాల్లో సగం మాటలు అందవు. చీర, బొట్టు, బుల్లెట్టు, బావ అందుతాయి, డుగ్గు డుగ్గు అందుతుంది. భాష రాకున్నా పాట బొమ్మ కళ్లకు కట్టేంతగా నామవాచకాలతో నింపి రాయడం లక్ష్మణ్ చేసిన ఇంకో మంచి పని. హృదయం, స్వప్నం లాంటి గాలిమాటలు వెతికినా దొరకవు.

బండి గురించి ఒక మాట చెప్పి తీరాలి. మా వైపు బుల్లెట్టు అనగానే అందరికీ గుర్తొచ్చేది కట్నం. నగదు, తులాలు, దాంతోపాటు పిల్లవాడికి ఒక బండి. 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది, అడగడం మాత్రం ఆగలేదు. ఆడపిల్ల తండ్రి నాపరాయి పాలిషింగు యూనిట్‌లో దుమ్ము మింగుతూ సంపాదించిన పైసలతో కొన్న బండి మీద అల్లుడు తిరుగుతాడు. ఈ పాటలో బండి ఎవరిది? అతనిది. ఆమె నోట పుట్టింటి నుంచి ఏం తెచ్చానన్న లెక్క రాదు. తెచ్చినదంతా తన పెంపకమే అంటుంది. ‘నీ’ బండి అని ఆమె మొదటే తేల్చేసింది. రాసినాయన కావాలనే అలా రాశాడో లేదో నాకు అక్కర్లేదు, పాటలో అది ఉంది. బండి పెట్టలేక సంబంధం తప్పిపోయిన ఇల్లు తెలిసినవాళ్లకు ఆ చిన్న మాట చాలా దూరం వినిపిస్తుంది.

పాట చివరికి వచ్చేసరికి ఆమె అతన్ని చేతిలో చెయ్యేసి మాట ఇవ్వమంటుంది. ఇది పాటకు వెన్నెముక. అప్పగింతల్లో తండ్రి బిడ్డ చేతిని అల్లుడి చేతిలో పెట్టి, అత్తమామల చేతులు పట్టుకుని, తప్పుచేస్తే కడుపులో పెట్టుకోండని బతిమాలుతాడు. ఎంతటి పెద్దమనిషి గొంతయినా అక్కడ చిన్నబోతుంది. ఈ పాటలో తండ్రికి ఆ అవసరం లేకుండా చేసింది కూతురు. చెయ్యి తనే చాపింది. బతిమాలడం పోయి అడగడం వచ్చింది. నీ వెంట నడుస్తాను, నన్ను బాగా చూసుకో, మాట ఇవ్వు. ఇచ్చిపుచ్చుకునే ఇద్దరు సమానుల మధ్య నడిచే మాటలు ఇవి. రామకృష్ణాపూర్ వీడియోలో ఆ పెళ్లికూతురు ఆడుతూ ఆడుతూ భర్తవైపే చూస్తుంటుంది. ఆ చూపు ఎక్కడిదని అందరూ అబ్బురపడ్డారు. పాటలోనే ఉంది, ఆమె చదివింది.

ఆ తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. బండి పేరు పెట్టి కొన్ని, బావ పేరు పెట్టి ఇంకొన్ని. దరువు దొరికింది, చప్పుడు దొరికింది, పట్టుచీరా దొరికింది. చరణాల్లో చెప్పడానికి మాత్రం ఏమీ లేక పల్లవినే నాలుగుసార్లు తిప్పారు. ఒక సీజనులో మోగి పోయాయి. డాన్సు పాటకు చరణం ఎవరు వింటారులే అన్న తలంపు మన పాటల్ని చాలా నష్టపరిచింది. చరణం వినేవాళ్లు గుంపు మధ్యలో ఉండరు, అంచున ఉంటారు. పాటను ఇంటికి తీసుకెళ్లి, వంట చేస్తూ, బియ్యం ఏరుతూ మళ్లీ పాడుకునేది వాళ్లే.

ఇప్పుడు బరాత్‌లలో ఈ పాట రీమిక్సులే ఎక్కువ. బేస్ పెంచి, పల్లవిని ముక్కలు చేసి, డుగ్గు డుగ్గును అరనిమిషం సాగదీసి, చరణాలు పూర్తిగా కోసేసి వేస్తున్నారు. కుర్రాళ్లకు ఊపు చాలు. కానీ వికారాబాద్, తాండూరుల్లో డీజే నడిపే తమ్ముళ్లకు నాదొక మనవి. ఎన్ని పాటల్ని ఎలా కోసినా మీ ఇష్టం, ఈ ఒక్కదాన్ని పెళ్లికూతురు కారు దిగి వచ్చినప్పుడు మొదట్నుంచీ చివరిదాకా ఒక్కసారి అసలు పాటే వేయండి. అమ్మ, నాన్న, అన్నదమ్ముల మాటలు వచ్చే చోట బేస్ కాస్త తగ్గించండి. చేతిలో చెయ్యి అడిగే చోటు వచ్చేదాకా ఆపకండి. ఆ మాట పెళ్లికొడుక్కి వినపడాలి.